క్యాంపులో నెమరు

పచ్చికపట్నం కార్పొరేషన్‌లో వార్డులు ఏడు. ఎన్నికలయ్యాయి, ఓట్ల లెక్కింపూ అయింది. ఎవరికీ మెజారిటీ రాలేదు. నక్క నాగలింగం పార్టీకి దక్కింది ఒక్క సీటు, అదీ నాగలింగానిదే. కోతి కామేశం పార్టీకి రెండు, ఒకటి కామేశానిది, ఇంకొకటి గాడిదది. మిగిలిన నాలుగూ ఇండిపెండెంట్లు పట్టుకుపోయారు. ఆ ఊళ్లో మేయర్ని ఎన్నుకునేది కార్పొరేటర్లే, సభలో చేతులెత్తి. ముందుకాళ్లని అక్కడ మర్యాదకి చేతులంటారు. ఆ నలుగురూ ఎవరికి చేతులెత్తితే వాళ్లదే కుర్చీ.

నలుగురిలో ఒకడు నాలుగో వార్డు ఎద్దు అప్పలకొండ. నిదానస్తుడు. ‘బాగున్నావా’ అని అడిగినా కాసేపు ఆలోచించుకునే జవాబు చెప్పేవాడు. ఆయన పోటీ చేసింది పదవి మీద మోజుతో కాదు, నీళ్ల కోసం. కొండవాగు నుంచి ఊళ్లోకి వచ్చే కాలవకి నాలుగో వార్డు చిట్టచివర. పైవాళ్లు తాగి, ఒళ్లు కడుక్కుని, పొర్లాడాక ఏమైనా మిగిలితే కిందికి రావాలి. కిందటి వేసవిలో నీళ్ల కోసం వాగుదాకా నడవలేక రెండు దూడలు దారిలోనే సొమ్మసిల్లిపోయాయి. అది తలుచుకుంటే అప్పలకొండకి ఇప్పటికీ మేత సహించదు. రోజుకి ఒక్క పూట తూము తన వార్డువైపు తిప్పించగలిగితే తన బతుక్కి అదే చాలనుకున్నాడు.

ఫలితాలు వచ్చిన గంటకల్లా నాగలింగం ఆయన వాకిట్లో వాలిపోయాడు.

“అన్నా, గెలిచావు, మహా సంతోషం. ఇక బయల్దేరు.”

“ఎక్కడికి?”

“క్యాంపుకి. కొండవతల చెరుకుతోట ఉంది. మేయర్ ఎన్నిక ఇంకా నాలుగు రోజులు. ఈలోపు ఆ కామేశం నిన్ను వదుల్తాడా? తోక పట్టుకుని వేలాడతాడు.”

“దూడలకి చెప్పి వస్తాను.”

“నేను కబురు పంపిస్తాలే. ఆ చెవి కాస్త ఇటు పెట్టు.” నాగలింగం గొంతు తగ్గించాడు. “మేయర్ననిపించుకోగానే నా మొదటి సంతకం నీ తూము మీదే. డిప్యూటీ మేయర్‌వి కూడా నువ్వే. ఇది మనిద్దరి మధ్యే ఉండాలి సుమా. పొక్కిందంటే మిగతావాళ్లు ఏడ్చి చస్తారు.”

అప్పలకొండకి కళ్లు చెమ్మగిల్లాయి. ఇంత మంచివాణ్ణి ఊళ్లో అందరూ నక్క, నక్క అని ఎందుకు ఆడిపోసుకుంటారో ఆయనకి అర్థం కాలేదు.

క్యాంపులో మర్యాదలకి లోటు లేదు. చెరుకాకు, జొన్నచొప్ప, తెలగపిండి కలిపిన కుడితి, ఏది కావాలంటే అది. మూడో వార్డు గేదె వరహాలమ్మ, ఐదో వార్డు మేక మంగతాయారు, ఆరో వార్డు పొట్టేలు సన్యాసిరావు అప్పటికే అక్కడ చేరి ఉన్నారు. నాగలింగం నలుగుర్నీ నాలుగు మూలల మేతకి పంపేవాడు. ఏ ఇద్దరూ మాట కలపకుండా తను మధ్యలో పచార్లు చేసేవాడు. మధ్యాహ్నానికి అందరి కడుపులూ నిండేవి. ఇక పడి నిద్రపోతారులే అని తనూ పొదలో దూరి కునుకు తీసేవాడు.

ఆయన పొరపాటల్లా అక్కడే. నక్కజాతి తింటుంది, తిని పడుకుంటుంది. తిన్నదాన్ని మళ్లీ నోట్లోకి తెచ్చుకుని తీరిగ్గా నమిలేవాళ్లు కూడా లోకంలో ఉంటారని ఆయనకి తట్టలేదు. తెచ్చిన నలుగురూ నెమరువేసే జాతివాళ్లే. నెమరు ఒంటరిగా సాగదు. ఇంత నీడ చూసుకుని ఒకరి పక్కన ఒకరు చతికిలబడతారు. దవడలు వాటి పని అవి చేస్తుంటే, విన్న మాటలన్నీ ఒక్కొక్కటే మనసులోకి తిరిగొస్తాయి.

మొదటి రెండు మధ్యాహ్నాలూ మేత రుచి గురించిన ముచ్చట్లతోనే సరిపోయాయి. మూడో రోజు అప్పలకొండకి నాగలింగం మాటలు గుర్తొచ్చాయి. తనకి నీళ్లొస్తే చాలు, పై పదవి తనకెందుకు? ఇంకెవరికైనా ఇస్తే సంతోషిస్తారు కదా అనిపించింది.

“చెల్లెమ్మా,” అన్నాడు మంగతాయారుతో. “నా దగ్గరొకటి ఉంది. నాకది నప్పదు. నువ్వు తీసుకో.”

“ఏంటన్నయ్యా అది?”

“డిప్యూటీ మేయర్ పదవి.”

మంగతాయారు దవడ ఆగిపోయింది. “నాదాన్ని నువ్వు నాకిచ్చేదేంటి?”

“నీదెలా అవుతుంది? నాగలింగం నా చెవిలో చెప్పాడు.”

“నా చెవిలోనూ చెప్పాడు. పొక్కితే మీరంతా ఏడుస్తారన్నాడు.”

“నాకూ అచ్చం అదే ముక్క చెప్పాడు,” అంటూ సన్యాసిరావు లేచి నిలబడ్డాడు.

వరహాలమ్మ కళ్లు తెరవకుండానే అంది. “నేను పదవులొద్దన్నాను. కాలవ నీళ్లు పగలంతా మా వార్డు మడుగులోకే వదులుతానన్నాడు.”

“పగలంతానా?” అప్పలకొండ మెడ ఎత్తి ఆమెవైపు తిరిగాడు. “మరి నా దూడలకో వదినా? మాకు ఒక పూట ఇస్తానన్నాడే.”

వరహాలమ్మ అప్పుడు కళ్లు తెరిచింది. “ఉన్నది ఒక్క కాలవే కదయ్యా.”

అప్పలకొండకి కోపం కంటే ముందు సిగ్గేసింది. దూడల దాహాన్ని అడ్డం పెట్టుకుని నాగలింగం తనని ఇంత దూరం నడిపించుకొచ్చాడు.

“వెళ్లి ఆ పొదలో వాణ్ణి ఒక్క కుమ్ము కుమ్మొస్తాను,” అన్నాడు సన్యాసిరావు.

“కూర్చో,” అంది మంగతాయారు. “ఇంకో రోజు కుడితి ఉంది. అదెందుకు వదులుకోవాలి?”

“పోనీ, కామేశం వైపు వెళ్దామా?” అన్నాడు సన్యాసిరావు.

“ఆయన మన చెవుల్లో ఏం ఊదుతాడో ఎవరికి తెలుసు?”

అప్పలకొండ నెమ్మదిగా అడిగాడు. “ఏడుగురిలో మనం ఎంతమందిమి?”

“నలుగురం.”

“నలుగురమైతే, మన ఓటు ఇంకెవరికో ఎందుకు?”

ముగ్గురూ ఆయన్నే చూశారు.

“అయితే నువ్వే ఉండు మేయర్‌గా,” అంది మంగతాయారు. “చేతిలో ఉన్న పదవి ఇంకొకరికి ఇవ్వబోయినవాణ్ణి నేనెక్కడా చూళ్లేదు.”

“నాకు గబుక్కున మాట రాదమ్మా.”

“గబగబా మాట్లాడేవాణ్ణి మూడు రోజులుగా చూస్తూనే ఉన్నాంగా,” అంది వరహాలమ్మ. “నీళ్ల సంగతి మాత్రం ఇప్పుడే, వీళ్ల ముందే తేల్చుకుందాం. పొద్దుటి పూట నీ దూడలకి. ఎండెక్కాక నాకు. ఎండెక్కందే నేనెలాగూ మడుగులో దిగను.”

ఒక నెమరు పూర్తయ్యేలోగా పంపకం ముగిసింది.

ఎన్నిక రోజు నాగలింగం బంతిపూల దండ ముందే తెప్పించుకున్నాడు. సభలోకి అడుగు పెడుతూ నలుగురికీ మరోసారి చెప్పాడు. “నా పేరు వినపడగానే చేతులెత్తెయ్యండి. మీరు చెయ్యాల్సిందల్లా అదే.”

ఎన్నికల అధికారి కాకి గొంతు సవరించుకుంది. “నాగలింగంగారికి అనుకూలంగా ఉన్నవాళ్లు చేతులెత్తండి.”

లేచింది ఒక్క చెయ్యి, నాగలింగానిది. ఆయన పక్కకి చూశాడు, వెనక్కి చూశాడు.

“ఏమ్మా మంగతాయారూ, మీరంతా చేతులెత్తరేం?”

“నువ్వు చెప్పినట్టే చేతులెత్తేశాం కదా బాబాయ్,” అంది మంగతాయారు. “నీ విషయంలో ఇక మావల్ల కాదు.”

సభంతా గొల్లుమంది.

“అప్పలకొండన్నా, నువ్వైనా చెప్పు. నీకు మాటిచ్చానా లేదా?”

“ఇచ్చావు,” అన్నాడు అప్పలకొండ. “కాదనను. ఆ మాటే అందరూ వినేలా ఇంకొక్కసారి చెప్పు. డిప్యూటీ మేయర్ ఎవరు? కాలవ నీళ్లు ఎవరికి?”

నాగలింగం నోరు తెరిచాడు. మంగతాయారు చూస్తోంది, సన్యాసిరావు చూస్తున్నాడు, వరహాలమ్మ కూడా కళ్లు విప్పే ఉంది. ఎవరి పేరు చెప్పినా మిగతావాళ్లు ఊరుకోరు. నోరు మూసుకున్నాడు. ఎత్తిన చెయ్యి తనే దించుకున్నాడు.

కామేశానికి రెండు చేతులు లేచాయి. అప్పలకొండకి నాలుగు. మర్నాడు పొద్దున్నే తూము తిరిగింది. నాలుగో వార్డు కాలవలో దూడలు మూతులు ముంచి తాగుతుంటే, కొత్త మేయర్ గట్టున నిలబడి అలా చూస్తూ ఉండిపోయాడు. ఆ పూట ఆయనకి మేత బాగా సహించింది.

నీతి: చెవిలో ఇచ్చిన మాట నలుగురిలో చెప్పలేకపోతే అది మాట కాదు.