కర్ర కింద పెట్టిన కొమురవ్వ

అనగనగా ఒక గుట్టల అడవి పిల్లలూ. అక్కడ కొమురవ్వ అనే అవ్వ గొర్రెలు కాసేది. ఆ కాలంలో జంతువులకు మాటలొచ్చేవి, మనుషులకు వినే ఓపికా ఉండేది.

ఒకనాడు అవ్వ ఇటుకబట్టీ దగ్గర కట్టేసిన కుక్కను విడిపించి తెచ్చింది. బట్టీ కాపలావాడు దాన్ని రోజూ కర్రతో బాదేవాడు. దాని ఎడమ చెవి సగమే మిగిలింది. అవ్వ దానికి సోమడు అని పేరు పెట్టింది.

"నాలుగు దినాలు జొన్న గట్క పెడితే అన్నీ మరిచిపోతడు," అంది. అక్కడే పొరపాటు పడింది అవ్వ. కడుపు నిండితే ఆకలి పోతుంది గానీ, భయం పోతుందా?

గొర్రెల కాపరి చేతిలో కర్ర ఉండాల్సిందే. మందను మళ్లించాలంటే దాన్ని ఎత్తాల్సిందే. మొదటి రోజు అవ్వ కర్ర ఎత్తగానే సోమడు పొదలో దూరి, పొద్దుగూకేదాకా రాలేదు. రెండో రోజు నేలకు కరుచుకుపోయి ఉచ్చ పోసుకున్నాడు. మూడో రోజు ఏకంగా అవ్వ చేతినే కరిచాడు.

మందలో పెద్ద గొర్రె గంగి ఊరుకుంటుందా? "కుక్క తోక వంకర పోతదా అవ్వా? తోడేలొస్తే నా పిల్ల గతేంది? వీణ్ని ఎల్లగొట్టు," అంది.

సోమడు తల వంచుకున్నాడు. "కావాలని కరవలేదవ్వా. కర్ర లేస్తే నాకు నువ్వు కనవడవు. ఆ బట్టీవాడే కనవడ్తడు," అన్నాడు.

అవ్వకు కళ్లలో నీళ్లు తిరిగాయి. కుక్కను పొమ్మనలేదు. కానీ కర్రా విడవలేదు.

ఆ సాయంత్రమే తోడేలు వచ్చింది. వాగు ఒడ్డున గంగి పిల్లకు ఎదురుగా నిలబడింది. అవ్వ పరుగున వెళ్లి పిల్లకు అడ్డం నిలిచి, అలవాటుకొద్దీ కర్ర ఎత్తింది. అంతే, వెనకే వచ్చిన సోమడు కుప్పకూలాడు.

తోడేలు నవ్వింది. "ముసలమ్మా, నీ కర్రకు భయపడేది నీ కుక్కే. నేను కాదు," అంటూ ఒక అడుగు వేసింది.

అవ్వకు ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఎత్తి ఉంచితే కుక్క లేవదు. దించితే చేతిలో ఏమీ ఉండదు.

"కర్ర ఇడువకవ్వా!" అని గంగి అరిచింది.

అవ్వ కర్ర నేల మీద పెట్టేసింది. "లే బిడ్డా. నిన్ను ఎవ్వలు కొట్టరు," అంది.

తోడేలు రెండో అడుగు వేసింది. సోమడు కదల్లేదు. మూడో అడుగు వేసింది. అప్పుడు లేచాడు సోమడు. కాళ్లు గజగజలాడుతూనే అవ్వ ముందుకొచ్చి, పళ్లు బయటపెట్టి తోడేలు మీదికి దూకాడు. మెడ మీద గాట్లు పడ్డ తోడేలు గుట్టల్లోకి పారిపోయింది.

మర్నాటి నుంచి అవ్వ మందను ఈలతో మళ్లించడం నేర్చుకోసాగింది. పళ్లు లేని నోట్లో ఈల పలికితేగా, పాపం! ఉత్త గాలే వచ్చేది. అయినా మానలేదు.

ఆ మర్నాడే గంగి వచ్చి సోమడి పక్కన కూర్చుంది. "ఇగ భయం పోయినట్టేనా తమ్మీ?" అని అడిగింది.

"పోలేదక్కా. పోతదో లేదో."

"మరి నిన్న ఎట్ల నిలవడ్డవ్?"

"అవ్వ చేతులు ఉత్తగ ఉండె," అన్నాడు సోమడు. "నేను గూడ లేకపోతే ఎట్ల?"

నీతి: దెబ్బలు తిన్న ప్రాణిని మారమని అడిగే ముందు, మన అలవాటు ఒకటి మనం మార్చుకోవాలి.