గట్టిమేళం చాటున

చెంచురామయ్యగారికి ఒక అలవాటు ఉండేది. శిష్యులు సంగీతం గురించి అడిగితే సన్నాయి అందుకునేవారు. సంసారం గురించి అడిగితే వక్కపలుకు నోట్లో వేసుకుని ఎవరిదో పెళ్ళి ముచ్చట మొదలుపెట్టేవారు. వాదించడం ఆయనకు చేతకాదు. చేతనైనా ఇష్టం ఉండేది కాదు.

ఒకనాడు మార్కండేయులు అనే శిష్యుడు పాఠం మధ్యలో ఆగిపోయాడు. ఇంట్లో తండ్రితో మాటామాటా పెరిగి వచ్చాడు. "గురువుగారూ, తండ్రి కన్న కల ఒకటి, కొడుకు కనే కల ఒకటి అయితే ఏది నిలబడాలండీ?" అని అడిగాడు. గురువుగారు వక్కపలుకు కోసం తడుముకున్నారు. అప్పుడాయన చెప్పిన ముచ్చట ఇది.

పందిళ్ళలోకి స్పీకర్లు రాని రోజులవి. పెళ్ళంటే కొబ్బరాకుల పందిరి, కళ్ళాపి చల్లిన నేల వాసన, మూడు వీధుల అవతలికి వినిపించే మేళం. ఆ ప్రాంతంలో మేళమంటే కోదండం డోలే. అది మోగకపోతే ఫలానా ఇంట పెళ్ళి జరిగిందని ఎవరూ నమ్మేవారు కారు. ఎంత బాగుండేవో ఆ రోజులు! తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం అటే లాగుతుంది.

కోదండానికి ఒక్కటే కల, తన డోలు పక్కన కొడుకు శరభయ్య సన్నాయి మోగాలని. శరభయ్యకూ ఒక్కటే కల, పట్నం సభలో కచేరీ చేయాలని. పెళ్ళిపందిరంటే అతనికి గిట్టేది కాదు. తాళి కట్టే వేళ తుమ్ముగాని ఏడుపుగాని చెవిన పడితే అపశకునమంటారు. అందుకని పురోహితుడు చెయ్యెత్తగానే మేళగాళ్ళు ఉన్న బలమంతా పెట్టి గట్టిమేళం వాయించాలి. ఎంత చక్కని రాగాన్నయినా అక్కడికక్కడే తెంచెయ్యాలి. "అది వాయిద్యం కాదు, గోల" అనేవాడు శరభయ్య. "ఇంట గెలిచి రచ్చ గెలవరా" అనేవాడు తండ్రి. మధ్యన తల్లి అడకత్తెరలో పోకచెక్క అయింది. చివరికి తండ్రీకొడుకులకు మాటలే లేకుండా పోయాయి. డోలూ సన్నాయీ కలిసి మోగేవి, మనుషులు మాత్రం ఎడముఖం పెడముఖం. ఇద్దరి మధ్యా కబుర్లు మోసింది చెల్లెలు తులసి ఒక్కతే.

ఆ తులసికి పెళ్ళి కుదిరింది. కన్యాదానం చేసే తండ్రి పీటల మీద కూర్చోవాలి గనక డోలు మరొకరి మెడకెక్కింది. సన్నాయి తానే వాయిస్తానన్నాడు శరభయ్య. అయితే, పెళ్ళికి వెళుతూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టు, పట్నం నుంచి సభ కార్యదర్శిని కూడా పిలిపించాడు. ఆయనకు నచ్చిందా, ఆ ఏటి నవరాత్రి కచేరీ అతనిదే. అందుకే ఆ పొద్దున అతని ధ్యాసంతా ముందు వరసలోని ఆయన తల ఊగుతోందా లేదా అన్నదాని మీదే ఉంది.

తోడి రాగం అందుకున్నాడు. అది నిండుగా వచ్చింది, తల కూడా ఊగింది. సరిగ్గా అప్పుడే పురోహితుడు చెయ్యెత్తాడు. శరభయ్య చూశాడు. చూసి కళ్ళు మూసుకున్నాడు. ఇంకొక్క సంగతి పలికించి ఆపేస్తాను, అంతే అనుకున్నాడు. డోలు వాయించేవాడు కర్ర ఎత్తి అతని వంకే చూస్తున్నాడు. పెళ్ళికొడుకు తాళి పట్టుకుని లేచాడు.

శరభయ్య ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. ఆ సందులో ఒక వెక్కు వినిపించింది. ఎవరో ఆడవాళ్ళనుకుని కళ్ళు తెరిచాడు. పీటల మీద తండ్రి కండువా నోట్లో కుక్కుకుని కుమిలిపోతున్నాడు. ఏనాడూ కంటతడి పెట్టిన మనిషి కాదు. మగపెళ్ళివారి ముసలావిడ ఒకామె అప్పుడే తల తిప్పుతోంది. ఇంకొక్క వెక్కు పైకి వచ్చిందంటే, తులసి అత్తవారింట అపశకునమన్న మాట పడుతూనే ఉండాలి.

శరభయ్య తోడిని నడిమికి తెంచాడు. బుగ్గలు పగిలిపోయేలా ఊదాడు. డోలు విరుచుకుపడింది. ఆ హోరు చాటున కోదండం చిన్నపిల్లవాడిలా భోరున ఏడ్చాడు, ఒక్కరికీ వినబడలేదు. తాళి పడింది, అక్షింతలు పడ్డాయి. కొడుక్కీ కళ్ళనీళ్ళు కారిపోతున్నాయి గాని ఊదడం ఆపలేదు.

"బంగారంలాంటి రాగాన్ని పాడుచేశావు కదయ్యా" అని కార్యదర్శి లేచి వెళ్ళిపోయాడు. శరభయ్య ఆయన్ను సాగనంపడానికైనా కదల్లేదు.

భోజనాల వేళ తండ్రి పక్కన చేరి, ఎన్నో నెలల తరవాత నోరు విప్పాడు. "నాన్నా, ఆడపిల్లల తండ్రులందరూ ఇలాగే ఏడుస్తారా?"

"నాకేం తెలుసురా? నా డోలు ఎప్పుడైనా వినబడనిస్తేగా!" అన్నాడు కోదండం.

గురువుగారు అక్కడికి ఆపారు. మార్కండేయుల మనసు ఇంటి దగ్గర తండ్రి చుట్టూ తిరుగుతోంది. అయినా ఉండబట్టలేక, "అయితే శరభయ్యగారు సభలకు వెళ్ళనే లేదాండీ?" అన్నాడు.

"ఎందుకు వెళ్ళలేదూ? మరుసటేడే వెళ్ళాడు. పెద్ద పెద్ద సభలు. సూది పడితే వినబడేదట." గురువుగారు సన్నాయి పీక సవరించుకున్నారు. "పాపం, ఈ వినేవాళ్ళలో ఎవరికైనా ఏడుపొస్తే చాటు లేదు గదా అనిపించేదట అతనికి."