దొండపాటి వారింట ప్రోగ్రామింగు

దొండపాటి వారింట్లో తెలివికి కొదవ లేదు. ఊబలపాలెంలో ఈ మాట ఇంకెవరూ అనరు. వాళ్ళే అంటారు, రోజూ అంటారు.

వాళ్ళ తెలివి ఒకటే రకం. చెప్పింది చెప్పినట్టు చేయడం. ఇంటి పెద్దాయన బతికున్నప్పుడు ఒకసారి, నేనొచ్చేదాకా గేదె పలుపు వదలొద్దురా అని పెద్దకొడుకు గంగరాజుకి చెప్పి చుట్టాలింటికి వెళ్ళాడు. నాలుగు రోజులకి గాని తిరిగి రాలేదు. నాలుగు రోజులూ గంగరాజు పలుపు వదల్లేదు. గేదె బురదలో దిగితే తనూ దిగాడు. గేదె పడుకుంటే తనూ పడుకున్నాడు. అది నెమరేస్తుంటే మాత్రం ఊరికే చూస్తూ కూర్చున్నాడు, నెమరేయమని ఎవరూ చెప్పలేదు గనక. తల్లి బాపనమ్మ ఆ సంగతి ఇంటికొచ్చిన వాళ్ళకి ఇప్పటికీ చెబుతుంది, మంచినీళ్ళు ఇవ్వకముందే.

గంగరాజు భార్య వరాలు. పదహారేళ్ళుగా రెండు పూటలా క్యాను మోసుకెళ్ళి పాలకేంద్రం కిటికీ ముందు నిలబడుతోంది. కిటికీకి ఇవతల ఎండ. అవతల ఒక కుర్చీ, దాని నెత్తిన తిరిగే ఫ్యాను. మోకాళ్ళు అరిగిపోయాయి. ఆమె కోరిక ఒక్కటే. ఒక్కనాడైనా ఆ కుర్చీలో కూర్చుని, ఫ్యాను గాలికి కొంగు సర్దుకుంటూ, బయటి వాళ్ళని చూసి "తర్వాత ఎవరమ్మా" అనాలి.

ఆ ఏడు కేంద్రానికి కంప్యూటరొచ్చింది. ప్రోగ్రామింగు మొదటి మెట్టు పరీక్ష పాసైన వాళ్ళే దాని ముందు కూర్చోవాలని పైనుంచి కాగితం వచ్చింది. పాలు కొలవడానికి ప్రోగ్రామింగు ఎందుకో రాసినవాళ్ళకీ తెలీదు. నెలాఖరులోగా ఎవరూ పాసవకపోతే కేంద్రం ప్రెసిడెంటు గారి బావమరిది కూర్చుంటాడు. అతను పాసవక్కర్లేదు.

వరాలు కేంద్రం సెక్రెటరీ కన్నారావు గారి దగ్గరికెళ్ళి, పదో తరగతి చదివినదాన్ని, నాకొస్తుందా అని అడిగింది. ఆయన మంచివాడు. కంప్యూటరంటే శుద్ధ మొద్దమ్మా, దాని బుర్రలో ఏమీ ఉండదు, చెప్పింది చెప్పినట్టు చేస్తుందంతే అని ధైర్యం చెప్పి, ఆఫీసులో ఉన్న పాత లాప్‌టాప్ ఇచ్చి పంపాడు.

వరాలు ఇంటికొచ్చి ఆ మాట చెప్పింది. బాపనమ్మ ముఖం వెలిగిపోయింది.

"అయితే మన వంశమే" అంది.

అంతే. ఇల్లంతా చదువులో దిగింది.

పాఠాల సైటు తెరవగానే ఒక గడి కనబడింది. "నియమాలన్నీ పూర్తిగా చదివాను, ఒప్పుకుంటున్నాను" అని ఉంది. లోకంలో అందరూ చదవకుండానే అక్కడ టిక్కు పెడతారు. దొండపాటి వారు అబద్ధమాడరు. గంగరాజు స్నానం చేసి బొట్టు పెట్టుకుని చదవడం మొదలెట్టాడు. వరాలు, బాపనమ్మ, మరిది నూకరాజు ముగ్గురూ చేతులు కట్టుకుని విన్నారు. మూడు రోజులు పట్టింది. చివరి వాక్యంలో, ఈ నియమాలు ముందుగా చెప్పకుండా ఎప్పుడైనా మారవచ్చు అని ఉంది.

ఇంకేముంది, మారతాయేమో చూడ్డానికి నూకరాజుని కాపలా కూర్చోబెట్టారు. రెండు రోజులు రెప్ప వాల్చకుండా చూశాడు. మారలేదు. నేను చూస్తున్నానని తెలిసి మారలేదు వదినా అన్నాడు. సరే, వాడు అటు తిరిగి కూర్చున్నాడు, ఇటు వరాలు టిక్కు పెట్టింది.

తర్వాత పాస్‌వర్డ్. ఎనిమిది అక్షరాలుండాలి, అది ఎవరికీ తెలియకూడదు అని రాసుంది.

"ఎవరికీ అంటే నీక్కూడానే కోడలా. నువ్వేమైనా ఆకాశం నుంచి ఊడిపడ్డావా" అంది బాపనమ్మ.

న్యాయమే. అందుకని నలుగురూ తలా రెండక్షరాలు కొట్టాలనుకున్నారు. ఒకరు కొడుతుంటే మిగతా ముగ్గురూ గోడవైపు తిరగాలి. ఎవరి రెండు వాళ్ళవే, మొత్తం మాత్రం ఎవరికీ తెలీదు. మళ్ళీ కొట్టమంటే మళ్ళీ వరస కట్టి కొట్టారు. సరిపోయింది. దేశంలో ఇంత గట్టి పాస్‌వర్డ్ ఇంకోటి ఉండదని గంగరాజు తొడ చరిచాడు.

మర్నాడు పొద్దున్నే నలుగురూ వరసలో నిలబడ్డారు. గంగరాజు కొట్టాడు, నూకరాజు కొట్టాడు, వరాలు కొట్టింది. బాపనమ్మ కదల్లేదు. ఏమైందత్తా అంటే, ఎవరికీ తెలియకూడదన్నారు గదా, అందుకని రాత్రే కష్టపడి మర్చిపోయానంది. ఆమె మాటలో గర్వం ఉంది.

పాస్‌వర్డ్ మర్చిపోతే సెల్లుకి ఓటీపీ వస్తుందని కన్నారావు గారు చెప్పాడు. ఆ ఇంట్లో సెల్లు గంగరాజుది. ఓటీపీ వచ్చింది. గంగరాజు చూశాడు, చూసి సెల్లు బనీనులో దోపుకున్నాడు. చెప్పండి అంది వరాలు. చెప్పనన్నాడు. ఓటీపీ ఎవరికీ చెప్పరాదని అందులోనే రాసుందన్నాడు. నేను మీ పెళ్ళాన్నండీ అంది.

"బ్యాంకువాళ్ళు అడిగినా చెప్పొద్దన్నారే. నువ్వు బ్యాంకు కంటే గొప్పదానివా" అన్నాడు.

పది నిమిషాలకి దాని ఆయుష్షు తీరిపోయింది. ఇంకోటి వచ్చింది, అదీ పోయింది. వరాలు ఏడ్చింది. ఆమె ఏడిస్తే గంగరాజు కళ్ళలోనూ నీళ్ళొచ్చాయి గాని నోరు మాత్రం పెగల్లేదు. చివరికి నూకరాజు ఉపాయం చెప్పాడు. అన్నయ్య చెప్పకూడదు గాని, మనం దొంగిలించకూడదని ఎక్కడా లేదు గదా అన్నాడు. అంతే, గంగరాజుని స్నానానికి పంపారు. ఆయన సెల్లు గట్టున పెట్టి వెళ్ళాడు. మొదటిసారి ఓటీపీ రావడం ఆలస్యమైంది, రెండోసారి కళ్ళజోడు దొరకలేదు, మూడోసారి నూకరాజు ఆరు అంకెల్లో ఐదే చూశాడు. నాలుగో స్నానానికి పని జరిగింది. గంగరాజుకి మాత్రం వారం రోజులు జలుబు.

మొదటి పాఠం. లోకానికి నమస్కారం చెప్పే ప్రోగ్రాము రాయాలి. వరాలు ఒక్కో అక్షరం వెతుక్కుని రాసింది. మీట నొక్కగానే తెర మీద "లోకానికి నమస్కారం" అని వచ్చింది. ఇల్లంతా చప్పట్లు కొట్టారు. తర్వాత నలుగురూ కూర్చుని ఎదురుచూశారు.

సాయంత్రమైంది. లోకం ఏమీ అనలేదు.

మర్నాడు పాలకేంద్రం దగ్గర వరాలు అందరి ముఖాలూ చూసింది. ఒక్కరూ మాటెత్తలేదు. ఇంటికొచ్చి చెబితే బాపనమ్మకి ఒళ్ళు మండింది. నమస్కారం పెడితే తిరిగి పెట్టని ఊళ్ళో మనకి మాటలేంటి అంది. ఆనాటి నుంచి దొండపాటి వారు ఊళ్ళో ఎవరితోనూ మాట్లాడలేదు. ఎందుకు మాట్లాడ్డం లేదో ఊరికి తెలీదు. మాట్లాడ్డం లేదన్న సంగతే చాలామందికి తెలీదు.

రెండో పాఠంలో, ఇంట్లో రోజూ చేసే పని ఒకటి మెట్టు మెట్టుగా రాయమన్నారు. వరాలు టీ రాసింది. స్టవ్వు వెలిగించు. గిన్నె పెట్టు. నీళ్ళు పొయ్యి. నీళ్ళు మరిగేదాకా ఆగు. ఆ కాగితం గంగరాజు చేతికిచ్చి తను గడ్డికి వెళ్ళింది. మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి ఆయన స్టవ్వు ముందు నిలబడే ఉన్నాడు. గ్యాసు పొద్దున్నే అయిపోయింది. నీళ్ళు చల్లగా ఉన్నాయి, నీళ్ళలో ఒక చీమ ఈదుతోంది. ఇదేంటండీ అంటే, మరిగేదాకా ఆగమన్నావు, ఆగాను, ఇంకా మరగలేదు, నీ తర్వాతి మెట్టు నేనెలా ఎక్కుతాను అన్నాడు.

వరాలు కోప్పడలేదు. కాగితం తీసుకుని, గ్యాసు అయిపోతే నన్ను పిలువు అని ఇంకో మెట్టు రాసింది. మర్నాడు గ్యాసు బండ కొత్తది వచ్చింది, టీ కాగింది, పొంగింది, స్టవ్వంతా పారింది. దించమని ఎక్కడుంది అన్నాడు గంగరాజు. అదీ రాసింది. మూడోనాడు దించాడు. మసిగుడ్డతో పట్టుకోమని రాయలేదు. నాలుగోనాడు చేతికి కట్టు, కాగితంలో పదమూడు మెట్లు. ఐదోనాడు టీ గ్లాసులోకి వచ్చింది. గంగరాజు తాగలేదు. తాగమని లేదు.

అలా ఆ నెలంతా మొగుణ్ణి నడిపిస్తూ వరాలు ప్రోగ్రామింగు నేర్చుకుంది.

పరీక్ష రోజొచ్చింది. ఇంట్లోనే, ఆ పాత లాప్‌టాప్ మీదే. గదిలో ఇంకెవరూ ఉండరాదు, కెమెరా ముందు నుంచి కదలరాదు అన్నారు. బాపనమ్మ గదంతా వెతికింది. గోడ మీద మావగారి ఫోటో ఉంటే, క్షమించండి అని దాన్ని బయటి అరుగు మీద కూర్చోబెట్టింది. రెండు బల్లుల్ని నూకరాజు తరిమాడు. తరిమిన కొద్దీ ఒకటి తిరిగొస్తుంటే, నీకు సీటొస్తే నువ్వు కూర్చుంటావా అని దాన్ని తిట్టాడు. తలుపు మూశారు. వరాలు ఒక్కతే మిగిలింది.

ప్రశ్నలన్నీ ఒకే తీరుగా ఉన్నాయి. ఫలానా ఆదేశాలిస్తే కంప్యూటరు ఏం చేస్తుంది అని. వరాలు ప్రతిసారీ కంప్యూటరు స్థానంలో గంగరాజుని నిలబెట్టుకుంది. ఈయనైతే ఏం చేస్తాడు? ఇక్కడ ఆగిపోతాడు. ఇక్కడ మళ్ళీ మొదటికొస్తాడు. ఇక్కడ చెయ్యి కాల్చుకుంటాడు. చకచకా రాసేసింది. ఇంకా పావుగంట మిగిలింది.

చివర్న మీట నొక్కింది. అప్పుడు తెర అడిగింది. "ఈ జవాబులు ఖచ్చితంగా ఇవ్వాలనుకుంటున్నారా?" కింద అవును, కాదు.

వరాలు చెయ్యి ఆగిపోయింది.

ఇరవై నాలుగేళ్ళ కాపురంలో ఆమెని ఎవరూ ఇలా ఆగి అడగలేదు. సంబంధం ఖాయం చేసిననాడు అడగలేదు. మొన్న దూడని అమ్మిననాడూ అడగలేదు. ఈ యంత్రం అడుగుతోంది. అడిగినదానికి నిజం చెప్పాలి. ఖచ్చితంగానా? ఖచ్చితంగా ఆమెకి ఏం తెలుసు గనక?

"కాదు" నొక్కింది.

మళ్ళీ ప్రశ్నల దగ్గరికి తీసుకెళ్ళింది. మళ్ళీ అన్నీ చూసుకుంది, అన్నీ అవే జవాబులు. మళ్ళీ మీట నొక్కితే మళ్ళీ అదే మాట. బయటి వాళ్ళని అడుగుదామంటే కదలకూడదు. కాదు. మళ్ళీ కాదు. తెర మూలన గడియారం అంకెలు తగ్గుతున్నాయి. ఒక్కసారి అవును అంటే కుర్చీ తనది. అబద్ధమాడి కూర్చుంటే ఆ ఫ్యాను గాలి ఒంటికి పడుతుందా? కాదు.

టైమైపోయింది. తెర నల్లబడింది. తలుపు తీసుకుని బయటికొచ్చి, నాకు ఖాయం కాలేదండీ అని అరుగు మీద మావగారి ఫోటో పక్కన కూలబడి ఏడ్చింది. ఇంట్లో ఎవరూ ఆమెని తప్పుపట్టలేదు. నాకైనా ఖాయం కాదు అన్నాడు గంగరాజు, వీపు నిమురుతూ.

కంప్యూటరుకి మాత్రం ఆమె ఖాయం అక్కర్లేదు. టైము కాగానే తనే జవాబులు లాక్కుని తనే దిద్దేసుకుంది. గురువారం గంగరాజు సెల్లుకి మెయిలొచ్చింది. వరాలు పాసైంది. మండలం మొత్తానికి ఆమెవే ఎక్కువ మార్కులు.

మెయిలు నలుగురూ నాలుగుసార్లు చదివారు. అభినందనలు అని ఉంది. ఉద్యోగంలో చేరతారో లేదో శనివారం మధ్యాహ్నం పన్నెండు లోగా మీ సెక్రెటరీ వచ్చి అడుగుతారు అని ఉంది. దాని కిందే, "దయచేసి దీనికి జవాబు ఇవ్వవద్దు" అని ఉంది.

మరీ దయచేసి అన్నారే అంది బాపనమ్మ.

శనివారం పదకొండింటికి కన్నారావు గారు పరిగెత్తుకుంటూ వచ్చాడు. ఆయన ముఖమంతా నవ్వే. సాధించావమ్మా, కుర్చీ తుడిపించి ఉంచాను, చేరతావు గదా అన్నాడు.

వరాలు ఆయన్ని చూసి నవ్వింది. ఏమీ అనలేదు.

ఆయన మళ్ళీ అడిగాడు. వరాలు చేతులు జోడించింది గాని పెదవి విప్పలేదు. కన్నారావు గారు గంగరాజుని అడిగితే ఆయన ఆకాశంలోకి చూశాడు. బాపనమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నూకరాజు తల ఊపబోయాడు, ఊపితే అదీ జవాబే అవుతుందని గంగరాజు వాడి తలని రెండు చేతులా కదలకుండా పట్టుకున్నాడు.

"వరాలమ్మా, ప్రెసిడెంటు గారి బావమరిది అప్పుడే కుర్చీ మీద రుమాలు పరిచి కూర్చున్నాడు. పన్నెండు దాటితే నా చేతిలో లేదు. ఒక్క మాట చెప్పు తల్లీ" అన్నాడాయన.

వరాలు కళ్ళు నిండాయి. ఇంత పెద్దమనిషి ఇంతలా అడుగుతుంటే ఊరుకోవడం ఎంత కష్టమో ఆమెకే తెలుసు. పళ్ళ మధ్య నాలుక బిగించింది. పన్నెండు కొట్టింది. ఆయన తల పట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆయన సందు మలుపు తిరిగాక గాని ఇంట్లో ఎవరూ ఊపిరి వదల్లేదు. బాపనమ్మ కోడలికి దిష్టి తీసింది. ఎన్ని రకాలుగా అడిగినా ఒక్క మాట జారనివ్వలేదు, మా ఇంటి కోడలనిపించావు అంది.

సాయంత్రం వరాలు క్యాను తీసుకుని కేంద్రానికెళ్ళింది. కుర్చీలో ప్రెసిడెంటు గారి బావమరిది. ఫ్యాను కింద కాలు మీద కాలేసుకుని, కిటికీ దగ్గరికొచ్చిన ప్రతివాళ్ళకీ ఏదో ఒకటి చెబుతున్నాడు.

వరాలు ఎండలో నిలబడి అతన్ని కాసేపు జాలిగా చూసింది. పాపం, మెయిలు చదివినట్టు లేడు, అడిగినవాళ్ళందరికీ జవాబులిచ్చేస్తున్నాడు, ఈ ఉద్యోగం ఇతనికి రెండు రోజులు కూడా నిలవదు అనుకుంది.