ఉలవచారు వాళ్ళింటి కంప్యూటరు

రేగులపాలెంలో తెలివైన ఇల్లు ఏదని అడిగితే ఊళ్ళో వాళ్ళు ఏమంటారో గానీ, గోవర్ధనం మాత్రం తన ఇంటి వైపే చెయ్యి చూపిస్తాడు. "మా ఇంట్లో వాళ్ళకి పంచగా మిగిలిందే ఊళ్ళోకి పోయింది" అంటాడు. "అదీ పెద్దగా మిగల్లేదులే అన్నయ్యా" అని తమ్ముడు భూషణం వంత పాడతాడు.

వాళ్ళమ్మ వెంకాయమ్మకి ఒంట్లో బీపీ ఉంది. "ఉప్పు ముట్టుకోవద్దమ్మా" అన్నాడు డాక్టరు. అంతే, ఆరోజు నుంచి ఆవిడ ఉప్పు చేత్తో ముట్టుకుంటే ఒట్టు! చెంచాతోనే వేసుకుని తింటోంది. "డాక్టరు మాట మీలా వినే మనిషి జిల్లా మొత్తమ్మీద ఉండదత్తయ్యా" అని కోడలు శేషారత్నం పొంగిపోతూ ఉంటుంది.

గోవర్ధనం భార్య ఈ శేషారత్నం. ఇంత తెలివైన కొంపలో కూడా అందరికంటే తెలివైనదాన్ని తనేనని ఆమె నమ్మకం. ఆ మాట బయటికి అంటే మిగతావాళ్ళు చిన్నబుచ్చుకుంటారని మనసులోనే దాచుకుంది. అదొక తెలివి.

వాళ్ళకి కూడు పెట్టేది ఉలవచారు. ఆ ఇంటి ఉలవచారు మీద ఇంత మీగడ వేసుకుని తిన్నవాడు చెయ్యి కడుక్కోవడానికి బాధపడతాడు. పొయ్యి మీంచి దించే ముందు అందులో ఏదో ఒకటి కలుపుతారు. అదేమిటో అత్తకీ కోడలికీ తప్ప మూడో మనిషికి తెలియదు. ఆ టైముకి మొగుణ్ణీ మరిదినీ కూడా వీధిలోకి తోలేసి వంటింటి తలుపు గడియ పెట్టేస్తారు. ఎదురింటి గంగరాజు కూడా ఉలవచారు కాస్తాడు, కానీ అతని చారు ఎద్దులు తాగితే తాగాలి. ఆ కలిపేదేమిటో కనిపెడదామని అతను ఏళ్ళ తరబడి వాళ్ళ గుమ్మం ముందు ముక్కు ఎగబీలుస్తూ తిరుగుతున్నాడు.

ఇదిలా ఉండగా, ఈ కాలంలో బెజవాడ నుంచీ హైదరాబాదు నుంచీ ఆర్డర్లన్నీ కంప్యూటర్లోనే వస్తాయని ఎవరో గోవర్ధనం చెవిన వేశారు. ఇంకేముంది, వెళ్ళి ఒకటి కొనుక్కొచ్చాడు. "వాడడం కష్టమా బాబూ?" అని అడిగితే, "తెలుగులోనే పెట్టిచ్చానండీ. తెర మీద ఏం వస్తే అది చదివి, అది చెప్పినట్టు చెయ్యండి, అంతే" అన్నాడు షాపతను.

ఆ ముక్క అతను ఇంకెవరితో అన్నా సరిపోయేది.

ప్లగ్గు వంటింటి గుమ్మం పక్కనే ఉందని కంప్యూటర్ని అక్కడే పెట్టారు. మీట నొక్కగానే తెర వెలిగి 'స్వాగతం' అని వచ్చింది.

"మనింటికి అదొచ్చి, మనకి అది స్వాగతం చెప్పడమేమిట్రా?" అంది వెంకాయమ్మ. "ఇల్లు దానిదా, మనదా?"

"మర్యాద తెలిసిందమ్మా" అన్నాడు గోవర్ధనం.

తరవాత 'మీ గోప్యత మాకెంతో ముఖ్యం' అని వచ్చింది. శేషారత్నం కళ్ళు చెమర్చాయి. మన గుట్టు ఇంకొకరికి ముఖ్యమని కట్టుకున్నవాడైనా ఏనాడూ అనలేదు కదా అనుకుంది.

ఆ తరవాత 'షరతులన్నీ చదివి అంగీకరించండి' అంది. లోకంలో అందరూ ఏం చేస్తారు? చదవకుండానే చదివామని నొక్కి పారేస్తారు. కానీ వీళ్ళకి అబద్ధం చేతకాదు. నలుగురూ చాప పరుచుకుని కూర్చున్నారు, భూషణం గొంతు సవరించుకుని పురాణం చదివినట్టు చదవడం మొదలుపెట్టాడు. పొద్దు వాలింది. మర్నాడూ అదే పని. భూమ్మీద ఆ షరతులు ఆసాంతం చదివిన సంసారం బహుశా అదొక్కటే అయి ఉంటుంది.

"మీరు ఎక్కడ ఉన్నారో, ఏం వెతుకుతున్నారో, ఏం మాట్లాడుతున్నారో మేము సేకరిస్తాం. మా భాగస్వాములతో పంచుకుంటాం" అని చదివాడు భూషణం.

"ఇదేదో దొంగ లాగా ఉందండీ" అంది శేషారత్నం భర్తతో.

"పిచ్చిదానా! ఏ దొంగైనా ఇదిగో ఫలానావి ఎత్తుకుపోతానని ముందుగా చెప్పి, సంతకం పెట్టించుకుని వస్తాడా? చెప్పి తీసుకెళ్తున్నాడంటే పెద్దమనిషనే కదా!"

అది నిజమేననిపించింది ఆమెకి. చివర్లో రెండు గళ్ళు ఉన్నాయి. ఒకటి 'అంగీకరిస్తున్నాను', రెండోది 'తర్వాత గుర్తుచెయ్యి'. 'వద్దు' అనే గడి ఎక్కడా లేదు. భూషణం తెర వెనక చూశాడు, బల్ల కింద దూరి చూశాడు, అట్టపెట్టె బోర్లించి దులిపాడు.

"వద్దు అన్నది వెయ్యడం మర్చిపోయాడు వదినా, షాపువాడు."

సరే, రెండోది నొక్కారు. అది అప్పటినుంచీ కూర్చుంటే గుర్తుచేసింది, లేస్తే గుర్తుచేసింది. కడుపు నిండా అన్నం తిననివ్వలేదు. ఆఖరికి గోవర్ధనం దణ్ణం పెట్టి 'అంగీకరిస్తున్నాను' నొక్కాడు. వేలు నొక్కింది గానీ, అది ఒప్పుకోవడమో, ఓడిపోవడమో అతనికీ తెలియలేదు.

ఇక పాస్‌వర్డ్ పెట్టమంది. బలమైనది కావాలంది.

"బలమైనదంటే భీముడని పెట్టరా" అన్నాడు అన్న.

తమ్ముడు కొట్టాడు. 'ఇది చాలా బలహీనంగా ఉంది' అంది కంప్యూటరు.

"భీముడు బలహీనుడా? దీనికి భారతం తెలిసినట్టు లేదు. ఆంజనేయస్వామి పేరు కొట్టు."

'బలహీనంగా ఉంది. ఒక అంకె కూడా చేర్చండి' అంది.

వెంకాయమ్మ టపటపా లెంపలు వేసుకుంది. "సముద్రం దాటినవాడికి అంకె తోడు కావాలా! కళ్ళు పోతాయే నీకు!" అని తెరని తిట్టింది. అంకె వేస్తే గానీ అది ఒప్పుకోలేదు. ఒప్పుకున్నాక, 'మీ పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పకండి' అంది.

అంతే, భూషణం నోరు కుట్టేసుకున్నాడు. ఏ అంకె వేశాడో అన్నకి చెప్పలేదు, అమ్మకి చెప్పలేదు. మర్నాడు పొద్దున్న కంప్యూటరే 'పాస్‌వర్డ్ చెప్పండి' అని అడిగితే దానికీ చెప్పలేదు.

"అదేమిటి భూషణం? అది అడుగుతుంటే చెప్పవేం?" అంది శేషారత్నం.

"ఎవరికీ చెప్పొద్దన్నది అదే కదా వదినా. నా నోట్లో మాట ఆగుతుందో లేదో చూద్దామని నన్ను పరీక్షిస్తోంది. నేనంత తేలిగ్గా దొరుకుతానా?"

తెర మీద 'పాస్‌వర్డ్ మర్చిపోయారా?' అని ఉంది. అది నొక్కితే కొత్తది పెట్టుకోవచ్చు. కానీ మర్చిపోకుండా మర్చిపోయానని ఎలా నొక్కడం? అబద్ధమైపోదూ! శేషారత్నానికే ఉపాయం తట్టింది. మరిదిని ముంగిట్లో గిరగిరా తిప్పుతూ, పద్దెనిమిదో ఎక్కం వెనకనుంచి చెప్పించింది. కళ్ళు తిరిగి పడ్డాక అడిగితే, పాస్‌వర్డ్ మాట దేవుడెరుగు, తన ఇంటిపేరే చెప్పలేకపోయాడు. "ఇప్పుడు నొక్కండి, నిజమే" అంది. ఈసారి కొత్తది తనే పెట్టింది, అది అడిగితే చెప్పవచ్చని తనే తీర్మానించింది. ఆరోజు తన తెలివికి తనకే భయమేసింది.

ఆర్డర్లు వచ్చినా రాకపోయినా తెర మీద ప్రకటనలు మాత్రం రోజూ వచ్చేవి. ఒకరోజు వెంకాయమ్మ "మోకాళ్ళు లాగేస్తున్నాయే" అని మూలిగింది. గంట గడవలేదు, తెర మీద మోకాళ్ళ నొప్పుల నూనె ప్రత్యక్షమైంది. ఇంకోరోజు గోవర్ధనం జుట్టు రాలిపోతోందని తల తడుముకున్నాడో లేదో, నున్నటి గుండు పక్కన నల్లటి గుబురు జుట్టు బొమ్మ వచ్చింది.

"నా మోకాళ్ళ సంగతి దీనికి ఎవరు చెప్పారు?" అంది వెంకాయమ్మ.

"నా నెత్తి సంగతో?" అన్నాడు గోవర్ధనం.

నలుగురూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. చూసి చూసి ముగ్గురి చూపులూ శేషారత్నం మీద ఆగాయి. పాస్‌వర్డ్ ఆమెదే కదా మరి!

"బయటినుంచి వచ్చింది నువ్వేనే" అంది అత్త. "ఇవాళ మోకాళ్ళ గుట్టు చెప్పావు, రేపు చారు గుట్టు చెప్పవని ఏమిటి నమ్మకం? ఇకనుంచి దించేటప్పుడు వంటింట్లోకి నువ్వూ రావద్దు."

కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆ గడియ వెనక నిలబడే హక్కు ఒక్కటే శేషారత్నానిది. ఆ వేళ ఆమె అన్నం ముట్టలేదు. చెంచాతో కూడా ముట్టలేదు. చెప్పింది నేను కాదు, మరి ఎవరు? ఆలోచించి ఆలోచించి, ఇంట్లో అందరూ బయటికి వెళ్ళాక, తలుపు దగ్గరగా వేసి కంప్యూటరు ఎదుట కూర్చుంది.

"ఏం చెప్పమంటావు నా కష్టం! మా ఏనుక్కి జలుబు చేసింది. పాపం, తొండం నిండా జలుబే" అని పైకి అంది.

సాయంత్రం నలుగురూ ఉండగా తెర మీద వచ్చింది: 'అతిపెద్ద రుమాళ్ళు! భారీ తగ్గింపు!'

"చూశారా! ఏనుగు జలుబు సంగతి దీని ఒక్కదానికే చెప్పాను. మీ ఎవ్వరికీ చెప్పలేదు. దానికి వినబడుతోంది!"

గోవర్ధనం మొహం మాడ్చుకున్నాడు. "ఏనుగుని కొని, కట్టుకున్న మొగుడితో ఒక్క మాటైనా చెప్పవా రత్నం?"

భూషణం అప్పటికే కుడితి తొట్టి పట్టుకుని పెరట్లోకి పరిగెత్తాడు. ఏనుగు లేదని ఇద్దరికీ నచ్చచెప్పేసరికి దీపాలు పెట్టే వేళయింది. భూషణానికైతే ఇప్పటికీ కాస్త అనుమానమే. అత్త మాత్రం కోడల్ని దగ్గరికి తీసుకుని, "నిన్ను అనుమానించానే, నా నోరు పడిపోను" అని కళ్ళు ఒత్తుకుంది. ఒత్తుకుంటూనే ఉలిక్కిపడింది.

"అవునే, ఇది వింటుందంటే... మనం వంటింట్లో అనుకునేవి కూడానా?"

ఇంకేముంది, కొంప మునిగినంత పనైంది. మర్నాడు పొద్దున్నే శేషారత్నం తెరంతా వెతికి వెతికి, ఎక్కడో లోపల్లోపల దాక్కున్న మీటలన్నీ పట్టుకుంది. వినే మీట, చూసే మీట, ఊళ్ళో ఎక్కడ ఉన్నామో కనిపెట్టే మీట. ఒక్కోటి ఆపుతుంటే 'ఖాయమేనా?' అని అడిగింది. 'ఇలా చేస్తే మీకే నష్టం, అయినా ఖాయమేనా?' అని మళ్ళీ అడిగింది. పెళ్ళినాడు కూడా ఆమెని ఎవరూ అన్నిసార్లు అడగలేదు. మొత్తానికి అన్నీ ఆపింది. హమ్మయ్య అనుకునేలోగా తెర నీలంగా మారింది.

'అప్‌డేట్ మొదలవుతోంది. తెరిచి ఉన్న కిటికీలన్నీ మూసెయ్యండి. పూర్తయ్యేవరకు కంప్యూటరును ఆపకండి.'

గోవర్ధనం పరుగున వెళ్ళి హాలు కిటికీలు మూశాడు. భూషణం వంటింటి కిటికీ, దొడ్డి కిటికీ మూశాడు. గాలి తగిలితే అప్‌డేటుకి మంచిది కాదేమోనని తలుపులు కూడా బిగించారు. ఆపవద్దంది కాబట్టి అది ఎటు కదిలితే అటు పోనిద్దామని బల్లలూ కుర్చీలూ అడ్డం తీసి, గోడకి అంటుకుని నిలబడ్డారు. అది కదల్లేదు. 'కొద్ది క్షణాల్లో పూర్తవుతుంది' అంది. దాని క్షణం మన పూటంత ఉంది. వంటింట్లో కట్టెల పొయ్యి మీద ఉలవలు ఉడుకుతున్నాయి. పొగ పోయే దారి లేదు. కాసేపటికి ఒకళ్ళ మొహం ఒకళ్ళకి కనపడలేదు.

ఎదురింటి గంగరాజు పెంకుల సందుల్లోంచి వస్తున్న పొగ చూసి, బిందెతో నీళ్ళు పట్టుకుని, తలుపు తన్నుకుంటూ లోపలికి దూకాడు.

"ఇల్లు అంటుకుందా ఏమిటండీ?"

"లేదండీ" అన్నాడు గోవర్ధనం దగ్గుతూ. "అప్‌డేట్ అవుతోంది."

వెంకాయమ్మకి ఊపిరి ఆడకపోయినా, గంగరాజు గొంతు వినగానే వెళ్ళి చారు కుండని వాటేసుకుంది. చీర కాలుతున్నా వదల్లేదు. గంగరాజు ఆ బిందె నీళ్ళు ఆవిడ మీదే కుమ్మరించాల్సి వచ్చింది. చారు కాస్తా అతని చారంత పలచన అయింది.

పొగ పోయాక చూస్తే అప్‌డేట్ అయిపోయింది. శేషారత్నం ఆపిన మీటలన్నీ మళ్ళీ వెలుగుతున్నాయి! 'మీ సౌకర్యం కోసం అన్నీ ఆన్ చేశాం' అని ఒక పూలగుత్తి బొమ్మ కూడా వేసింది.

శేషారత్నానికి ఒళ్ళు మండిపోయింది. "దీని పైవాళ్ళు ఎవరో ఉంటారుగా, వాళ్ళతోనే తేల్చుకుంటాను" అని, వెతికి 'సహాయం' అన్న గడి నొక్కింది. 'మీ సమస్య ఏమిటో మాతో చెప్పండి' అని వచ్చింది.

"మా ఇంటి గుట్టు బయటికి పోకూడదు" అంది ఆమె.

'మీ ఆందోళన మాకు అర్థమైంది. ఏ సమాచారం బయటికి పోకూడదో స్పష్టంగా తెలియజేయండి' అంది అది.

ఆమె కోపం ఇట్టే చల్లారింది. న్యాయమైన మాటే! ఏది చెప్పకూడదో తెలియకపోతే అది మాత్రం ఎలా దాస్తుంది? ఇన్నాళ్ళూ తప్పంతా మనదే. లేచి అందరినీ చూసింది.

"ఏమండీ, మీరూ భూషణమూ వీధిలోకి నడవండి. అత్తయ్యా, మీరు కూడా. ఇది గుట్టు విషయం, పక్కన మనుషులు ఉండకూడదు."

ముగ్గురూ వీధిలో నిలబడ్డారు. లోపల గడియ పడింది. చాలాసేపటికి శేషారత్నం తలుపు తీసి, పరీక్ష పాసైన పిల్లలా నవ్వుతూ వచ్చింది.

"ఇక మనకి భయం లేదత్తయ్యా. ఉలవలు నానబెట్టే దగ్గర్నుంచి పూసగుచ్చినట్టు చెప్పేశాను. ఇందులో ఒక్క ముక్క కూడా ఎవరికీ చెప్పకూడదని గట్టిగా చెప్పాను."

వెంకాయమ్మ దగ్గరికి జరిగి, మొగవాళ్ళకి వినపడకుండా గొంతు తగ్గించింది. "దించే ముందు కలిపేది కూడా చెప్పావా?"

"అది అన్నిటికంటే ముందు చెప్పానత్తయ్యా! అసలు దాచాల్సింది అదే కదా?"

"నా తల్లే!" అని అత్త ఆమె బుగ్గలు పుణికింది.