నీలం తొట్టిలో వేడి గంజి

అంకమ్మ దొడ్లో ఉండేది ఇద్దరే, మైలోడనే ముసలి ఎద్దూ, బొల్లి అనే చూడి మేకా. ఎన్నాళ్ళగానో ఇద్దరికీ పాకలో ఒకటే రాతి తొట్టి. అంకమ్మ అన్నం వార్చిన గంజిని చల్లారబెట్టి, తవుడు కలిపి, బకెట్టుతో మోసుకొచ్చి అందులో పోసేది. ఈ మధ్య ఆవిడకి మోకాళ్ళు పట్టేశాయి. వీధిలోకి వచ్చిన బండి దగ్గర నీలం ప్లాస్టిక్ తొట్టి ఒకటి కొని వంటింటి గుమ్మం పక్కన పెట్టింది. ఇక చల్లార్చడమూ లేదు, మోయడమూ లేదు. పొగలు కక్కే గంజిని కుండలోంచి నేరుగా అందులో వంచేస్తోంది. రాతి తొట్టికి కూరగాయలు కడిగిన నీళ్ళూ, గుప్పెడు తవుడూ మిగిలాయి.

బొల్లి కడుపులో రెండు పిల్లలు కదులుతున్నాయి. ఆ తొట్టెడు గంజీ తనకే కావాలని దాని ఆశ. కానీ దున్నే ఎద్దు కాబట్టి ముందు తాగే హక్కు మైలోడిది. అతను మూతి పెడితే అడుగున మెతుకు కూడా మిగలదు.

"మామా, ఆ గంజి నువ్వు ముట్టుకోకు," అంది బొల్లి గొంతు తగ్గించి. "గోడవతల పశువుల డాక్టరు ఎవరితోనో చెబుతుంటే విన్నా. సలసల కాగేదాన్ని ప్లాస్టిక్‌లో పోస్తే దాంట్లో మందులన్నీ గంజిలోకి దిగుతాయంట. కార్జానికి చేటంట."

"మరి నీకో?"

"నేను ఆకులూ అలములూ మేసేదాన్ని. ఏదైనా అరిగించుకుంటా. నీలాంటి పెద్దోళ్ళకి రాతి తొట్టే మేలు."

డాక్టరూ లేడు, గోడవతల మాటా లేదు. అప్పటికప్పుడు అల్లిన కబురది. మైలోడు దాని కడుపు వంక ఒకసారి చూసి, సరేనమ్మాయ్ అని పాకలోకి నడిచాడు. ఇంత తేలిగ్గా పనవుతుందని బొల్లి కూడా అనుకోలేదు.

గంజికి కొత్త చెప్పుల వాసన వేసేది. కొత్త తొట్టి కదా అని సరిపెట్టుకుంది. ఎండకి తొట్టి లోపలంతా తెల్లగా పొడి రాలుతుంటే దాన్నీ నాకేసింది. నెల తిరిగేసరికి వెంట్రుకలు గరుకుబారాయి, లేత వేపాకు కూడా సయించడం మానేసింది. బరువు కడుపు కదా, ఇలాగే ఉంటుందిలే అనుకుంది.

ఒక మధ్యాహ్నం కుంటి కాకి దొడ్లోకి దిగింది. అది మాంసం కొట్టు రేకు మీద కాపురముండే కాకి. బొల్లి కళ్ళలోకి అదే పనిగా చూసింది. ఆ కొట్టు నుంచి వచ్చిన చూపు ఏ మేకకి నచ్చుతుంది?

"కళ్ళు పచ్చబడ్డాయి. ఏం తాగుతున్నావే?" అని అడిగింది కాకి.

బొల్లి గొప్పగానే చెప్పింది. కాకి మాత్రం మెచ్చుకోలేదు. రోడ్డు పక్క హోటలు వెనక పెరిగే మేకలు మిగిలిపోయిన సాంబారు వేడివేడిగా ప్లాస్టిక్ డబ్బాల్లో తాగుతాయనీ, అవి కొట్టుకి వచ్చినప్పుడు తాను చూస్తూనే ఉంటాననీ చెప్పింది. కొండ మేసిన మేక కార్జం ముదురెరుపున నిగనిగలాడుతుందట. వీటిది పాలిపోయి, వాచి ఉంటుందట. కొట్టువాడు పక్కకి విసిరేస్తే తాను కూడా ముక్కు పెట్టి వదిలేసిందట.

"నాకు నొప్పేం లేదే," అంది బొల్లి.

"అదే చెబుతున్నా. ముల్లు గుచ్చుకుంటే కాలు చెబుతుంది. కార్జం చెప్పదమ్మా. నువ్వు పంపినదాన్ని వడకడుతూ కూర్చుంటుంది. అది చెప్పే రోజుకి దానికి ఓపిక ఉండదు. నీ పిల్లలు తాగేదీ ఆ నెత్తురే కదా."

బొల్లికి భయం వేసింది. తాను అల్లిన అబద్ధం అక్షరం పొల్లుపోకుండా నిజమై తన కడుపులోకే వచ్చింది. నేరుగా పాకలోకి వెళ్ళి మైలోడి ముందు తల దించుకుంది.

"మామా, డాక్టరు మాట నేను కల్పించింది."

"తెలుసు," అన్నాడు మైలోడు. "డాక్టరు ఈ వీధి తొక్కి ఏడాదైంది."

"తెలిసీ ఎందుకు వదులుకున్నావు?"

"కడుపుతో ఉన్నదానివి, వెచ్చగా తాగాలని ఆశపడ్డావనుకున్నా. నీ మాట నిజమని ఒక్క పూట నమ్మినా నిన్ను ఆ తొట్టి దగ్గరికి పోనిచ్చేవాణ్ణా అమ్మాయ్?"

ఆ మాటకి బొల్లి ఏడ్చింది. మైలోడు నెమ్మదిగా గుమ్మం దాకా నడిచి నీలం తొట్టి మీద కాలు మోపాడు. అది రెండు ముక్కలైంది. అంకమ్మ సాయంత్రం దాకా తిట్టి, మర్నాడు పాత ఇనప బకెట్టు తీసి గంజి చల్లారబెట్టింది. రెండు విడతలుగా, కుంటుకుంటూ మోసింది.

వానల్లో బొల్లి ఈనింది. మొదటి పిల్ల పుడుతూనే లేచి నిలబడింది. రెండోదానికి మూడు రోజులు పట్టింది. తొట్టి వల్లేనా అంటే ఎవరూ చెప్పలేకపోయారు. బొల్లి మాత్రం ఆ పిల్లని నాకుతున్నప్పుడల్లా తనని తాను అదే ప్రశ్నించుకునేది.

నోరు మురిసి మింగినదంతా నోరులేని కార్జమే మోయాలి.