చెట్టుకప్ప నురుగు గూడు

పాడుబడ్డ రాతి క్వారీ గుంటలో నీళ్లు చేరాయి. ఆ నీళ్ల మీదికి వంగిన కానుగ కొమ్మ మీద ముత్తాలు అనే చెట్టుకప్ప కాపురం పెట్టింది. ఒంట్లోంచి వచ్చే జిగురుని వెనక కాళ్లతో గిలక్కొట్టి నురుగు తీసి, అందులో గుడ్లు పెట్టి, ఆకు కింద అంటించింది. ఇక వాన పడితే నురుగు కరిగి పిల్లలు నీళ్లలోకి దిగుతాయి. ఆ వానేమో ఎంతకీ రాదే. పిల్లల్ని ఒక్కసారి ఒళ్లోకి తీసుకోవాలని ముత్తాలు ప్రాణం కొట్టుకుపోతోంది.

గట్టు మీది గుంటనక్క ఇదంతా కనిపెట్టింది. గుడ్లంటే దానికి చచ్చేంత ఇష్టం.

"ఎందుకక్కా అలా కుమిలిపోతావు? గూటిని కొమ్మ వెంట గట్టు వైపుకి తోసెయ్యి. మెత్తటి నురుగేగా, జరుగుతుంది. గట్టు మీద నురుగు విప్పి పిల్లల్ని కళ్లారా చూసుకో."

"జారిపడితే తమ్ముడూ?"

"నేను కింద నిలబడి పట్టుకోనూ."

దేంతో పట్టుకుంటుంది, దానికి ఉన్నది నోరేగా. ముత్తాలుకి ఆ అనుమానం రాకపోలేదు. కానీ పిల్లల మీద బెంగ ఊరుకోనిస్తుందా? కాలు గూటి దాకా వెళ్లింది.

అయినా పెద్ద పనికి ముందు చిన్నది చేసి చూడటం ముత్తాలు పద్ధతి. గుడ్లు లేకుండా కాస్త నురుగు గిలక్కొట్టి రెండు ఆకుల మధ్య పెట్టింది. పై ఆకుని ఇసుమంత జరిపింది. బుడగలన్నీ పక్కకి ఒరిగాయి, వదలగానే మళ్లీ సర్దుకున్నాయి. ముత్తాలుకి ప్రాణం లేచొచ్చింది. ఇంకాస్త జరిపింది. ఒక బుడగ పక్కదాని మీంచి జారింది, దాని వెనకే ఇంకొకటి, అంతే, మొత్తం నురుగు చారులా పారింది. ఆకుని వదిలినా వెనక్కి రాలేదు. గూటినే అలా తోసి ఉంటే ఏమయ్యేదో తలుచుకుని ముత్తాలు ఏడ్చేసింది.

"ఏమైందక్కా, తోశావా?" కింద నక్కకి తొందర.

"తోస్తున్నా తమ్ముడూ. నోరు... అదే, చేతులు చాపు."

మళ్లీ కాస్త ఉత్త నురుగు గిలక్కొట్టి, ఆకుల్లో పెట్టి, కొమ్మ వెంట గట్టు మీదికి తెచ్చి నక్క మొహాన వదిలేసింది. నక్క ఆబగా మింగబోయింది. నోట్లో గాలి, ముక్కులో జిగురు. తుమ్మి తుమ్మి గట్టు జారి గుంటలో పడింది.

"గుడ్లేవక్కా?" అంది తేలుతూ మునుగుతూ.

"ఎక్కడుండాలో అక్కడే ఉన్నాయిలే."

నక్క ఎలాగో గట్టెక్కి తోక ముడిచి పోయింది. ముత్తాలు మళ్లీ గూటి పక్కన కూర్చుంది. లోపల ఏదో కదిలినట్టు అనిపిస్తే చెయ్యి దానంతటదే లేచేది, బలవంతాన వెనక్కి లాక్కునేది. వాన పడ్డ రోజున నురుగు తనంతట తానే వదులైంది. పిల్లలు నీళ్లలో పడి తోకలాడించుకుంటూ వెళ్లిపోయాయి. ఒక్కటీ వెనక్కి తిరిగి చూడలేదు. ముత్తాలు తడుస్తూ, అవి వెళ్లిన వైపే చూస్తూ ఉండిపోయింది.

నీతి: బిడ్డల మీద బెంగ ఎంతున్నా, ఎక్కడ చెయ్యి ఆపాలో తెలిసి ఉండాలి.