కూర్చోలేని ఊరు

దగ్గరికి జరగండర్రా. చాప చాలకపోతే మట్టిలోనే చతికిలబడండి.

అనగనగా ఒక రాజు. ఆయన రాజ్యంలో కొర్రపాడని ఒక ఊరు. ఒక మాంత్రికుడు తన ప్రాణాన్ని ఆ ఊరి బొడ్రాయిలో దాచుకున్నాడు. బొడ్రాయంటే తెలుసుగా? ఊరు కట్టేటప్పుడు నడిమధ్య పాతే రాయి. ఊరివాళ్లు దాని మీద నీళ్లు పోస్తే వాడి పని సరి! అందుకని ఇళ్లన్నీ నేలమట్టం చేసి, ఊరెక్కడుందో జనం మరిచిపోయేలా శపించాడు. పాపం, వాళ్లు ఎక్కడ కూర్చోబోయినా నేల కాలేది. నిలబడే తిన్నారు, నడుస్తూనే కునికారు.

రాజుకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు వెళ్లి గోడల కోసం వెతికాడు, దొరకలేదు. నడిపివాడు వెళ్లి గోపురం కోసం వెతికాడు, దొరకలేదు. ఇద్దరికీ శాపం తగిలి ఆ జనంలోనే కలిసి తిరగసాగారు. అప్పుడు చిన్నవాడు జయమల్లుడు బయల్దేరాడు.

దారిలో సిరిగంధి అనే కొర్రపాడు పిల్ల ఎదురైంది. "నువ్వూ గుర్రం మీంచే వెతుకుతావా దొరా? మా ఊరు ఆకాశంలో లేదు," అంది.

జయమల్లుడు సిగ్గుపడి దిగాడు. ఇద్దరూ తుమ్మల బీడులో నడిచారు.

"మా పుట్టలో మాడిన కొర్రగింజలు బయటపడుతున్నాయి బాబూ," అంది చీమ.

"అయితే ఇక్కడ పొయ్యి ఉండేది," అన్నాడు జయమల్లుడు.

"ఇక్కడ గడ్డి భలే ఏపుగా ఉంది," అంది కుందేలు.

"అది పేడ బలం. అయితే ఇక్కడ పశువుల దొడ్డి ఉండేది."

"ఇక్కడ పరిగెడితే ఎగుడు, దిగుడు, ఎగుడు, దిగుడు!" అంది కంజుపిట్ట.

సిరిగంధి కేక పెట్టింది. "నాగలి చాళ్లు! ఇవి మా చేలే!"

చేల నుంచి బండ్లు తిరిగి అరిగిన బాటలు పల్లంగా, అన్నీ ఒకచోటికే దిగుతున్నాయి. అక్కడ పులిచర్మం మీద మాంత్రికుడు!

"లే తాతా," అన్నాడు జయమల్లుడు.

"లేవను పోరా. నన్ను ముట్టుకుంటే బూడిదైపోతావ్."

"అందరూ తిరుగుతుంటే వీడొక్కడే కూర్చున్నాడేం?" అని గొణిగాడు జయమల్లుడు.

"బొడ్రాయి మీద కూర్చున్నాడు! దాని మీద మావాళ్లు నీళ్లు పోస్తే చాలు," అంది సిరిగంధి చెవిలో.

వాణ్ని ముట్టుకునే పనే లేదు. సిరిగంధి పిలవగానే ఊరివాళ్లంతా నీళ్ల బిందెలతో వచ్చి చేల చివర కుమ్మరించారు. నీళ్లు పాత బండ్లబాటల్లో పడి గలగలా దిగి, పులిచర్మం కిందికి పాకాయి.

"ఓరి, తడి!" అని వాడు లేచేలోపే రాయి తడిసింది. వాడు పొగైపోయాడు.

ఒక ముసలమ్మ భయపడుతూనే నేల మీద కూర్చుంది. "కాలట్లేదే!" అంతే, ఊరంతా కూలబడింది. అన్నలిద్దరూ కాళ్లు బారజాపి ఏడ్చారు.

జయమల్లుడికీ సిరిగంధికీ అక్కడే పెళ్లయింది. "ఇక లేవమ్మా," అని పురోహితుడు ఎంత బతిమాలినా ఆ పిల్ల పీట మీంచి లేవలేదు. ఆ తర్వాత ఇద్దరూ ఆ ఊరిని చాలాకాలం చల్లగా ఏలారు.

మీరు మాత్రం లేవండి. కూడు చల్లారకముందే ఇళ్లకెళ్లి తినండి.